దారిఖర్చు ఎవరి పద్దు?

పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు పెద్దలు అడిగే ప్రశ్నలలో "అబ్బాయి జీతమెంత?" అన్నది తప్పక ఉంటుంది. "ఆ జీతం తెచ్చుకోవడానికి ఎంతవుతోంది?" అని అడిగిన పెద్దమనిషి మాత్రం నాకు ఇంతవరకు తారసపడలేదు. హైటెక్ సిటీలో ఉద్యోగమనగానే చర్చ ముగుస్తుంది. ఆ ఉద్యోగం కంప్యూటరు ముందు కూర్చునేదా, కంప్యూటర్లున్న భవనం గేటు దగ్గర నిలబడేదా అన్నది తరువాత తెలుస్తుంది. ఈ నెల మనం మాట్లాడుకోబోయేది ఆ రెండవ రకం ఉద్యోగం గురించి, అందులోనూ ఒకే ఒక ఖర్చు గురించి.

కొత్తగూడ కూడలికి ఒకవైపు బొటానికల్ గార్డెన్, మరోవైపు కొండాపూర్, ఇంకోవైపు హైటెక్ సిటీ ఉన్నాయి. 2023 జనవరి 1న ప్రారంభమైన ఫ్లైఓవర్ మీద కార్లు ఆగకుండా సాగిపోతుంటాయి. దాని కింద, తెల్లవారుజామునే బస్సులు, షేర్ ఆటోలు దిగేవారి ప్రపంచం వేరు. సెక్యూరిటీ గార్డులు, ఊడ్చి తుడిచే హౌస్‌కీపింగ్ స్త్రీలు, క్యాంటీన్లలో గిన్నెలు కడిగేవారు, మాల్‌లో రోజంతా నిలబడి బట్టలు చూపించే యువతీ యువకులు. వీరిలో ఈ చుట్టుపక్కల కాపురముండేవారు తక్కువ. కొత్తగూడలో ఒక గది అద్దె కట్టగలిగితే ఆ పనికే రానక్కరలేదేమో! బోరబండ, హఫీజ్‌పేట నుండి వచ్చేవారు అదృష్టవంతులు. యాకుత్‌పురా, ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట నుండి నగరాన్ని ఈ చివర నుండి ఆ చివరకు దాటి వచ్చేవారి సంగతి వేరు.

పాతబస్తీ నుండి ఇటు రావడానికి అన్నిటికంటే చవకైనది ఎంఎంటీఎస్ రైలు. 2003లో మొదలైన ఈ సర్వీసు ఫలక్‌నుమా నుండి సికింద్రాబాద్ మీదుగా హైటెక్ సిటీ స్టేషను దాటి లింగంపల్లి వరకు వస్తుంది. అయితే ఒక రైలు తప్పితే తరువాతి రైలు కోసం కాచుకునే వ్యవధి షిఫ్టు ఉద్యోగికి సరిపడదు. మెట్రో 2019లోనే రాయదుర్గం వరకు వచ్చింది. కాని మొదటి ప్రణాళికలోనే ఉన్న ఎంజీబీఎస్–ఫలక్‌నుమా భాగం కట్టనే లేదు. కనుక చార్మినార్ వైపు వ్యక్తి ముందు బస్సులో ఎంజీబీఎస్‌కు రావాలి, అమీర్‌పేటలో రైలు మారాలి, హైటెక్ సిటీలో దిగి కొత్తగూడకు మళ్ళీ షేర్ ఆటో ఎక్కాలి. పైగా మెట్రో మొదలయ్యేదే ఆరు గంటలకు. ఆరింటికి గేటు దగ్గర కాపలా మార్చుకోవలసిన మనిషికి అది ఉన్నా లేనట్టే. చివరకు మిగిలేది బస్సు పాసు.

ఇక లెక్కలోకి వద్దాం. కనీస వేతనం రంగాన్ని బట్టి, నైపుణ్యాన్ని బట్టి మారుతుంది గనుక లెక్క సులువు కోసం నెలకు 13,000 రూపాయలు అనుకుందాం. చట్టం ప్రకారం నెలకు 26 పనిదినాలు, అంటే రోజుకూలి 500. ఇందులో భవిష్యనిధికి 12 శాతం, ఈఎస్ఐకి 0.75 శాతం పోగా చేతికి వచ్చేది సుమారు 11,340. (భవిష్యనిధి మన సొమ్మే, ఎప్పటికైనా తిరిగివస్తుంది. కాని ఈ నెల బియ్యానికి అది అక్కరకు రాదు.) 2025 జూన్‌లో ఆర్టీసీ హైదరాబాదు బస్సు పాసుల ధరలు పెంచింది. ఆర్డినరీ పాసు 1,150 నుండి 1,400కు, మెట్రో ఎక్స్‌ప్రెస్ పాసు 1,300 నుండి 1,600కు చేరింది. దూరం నుండి వచ్చేవారికి ఎక్స్‌ప్రెస్ లేకుండా గడవదు. బస్సు దిగాక షేర్ ఆటోకు ఒకవైపు 10 రూపాయలే అనుకున్నా నెలకు 520. మొత్తం 2,120 రూపాయలు. అంటే నెలలో మొదటి నాలుగు రోజులు ఆ మనిషి ఇంటి కోసం పనిచేయడం లేదు, పనికి రావడం కోసం పనిచేస్తున్నాడు. పోనుపోను గంటన్నర, రానురాను గంటన్నర వేసుకుంటే నెలకు 78 గంటలు రోడ్డు మీదే గడుస్తాయి. అది ఎనిమిది గంటల షిఫ్టులు దాదాపు పదింటితో సమానం. దానికి పైసా కూలి లేదు. పన్నెండు గంటల డ్యూటీ చేసే గార్డు ఇంట్లో పిల్లలు తండ్రిని నిద్రలో తప్ప చూడకపోవడానికి కారణం ఈ గంటలే.

ఈ లెక్కలో ఒక మంచి మార్పు కూడా వచ్చింది. 2023 డిసెంబరు 9 నుండి మహాలక్ష్మి పథకం కింద స్త్రీలకు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో టిక్కెట్టు లేదు. కొత్తగూడ అపార్ట్‌మెంట్లలో, కార్యాలయాలలో పనిచేసే ఎందరో సోదరీమణులకు ఇది జీతం పెరిగినట్టే. డీలక్స్, ఏసీ బస్సులకు ఈ ఉచితం వర్తించదు, తెలంగాణ చిరునామా గల గుర్తింపు కార్డు ఉండాలి. పొరుగు రాష్ట్రం నుండి వలస వచ్చిన స్త్రీ అదే బస్సులో, అదే పనికి, టిక్కెట్టు కొనుక్కుని వెళ్తుంది. అయినా దారిఖర్చు తీసివేస్తే ఒక కుటుంబం ఎంత ఊపిరి పీల్చుకుంటుందో ఈ పథకం కళ్ళకు కట్టింది. ఆ ఖర్చును ప్రభుత్వ ఖజానా భరించింది. పని చేయించుకునేవారు మాత్రం ఇక్కడా భరించలేదు.

అసలు కనీస వేతనం లెక్కించినప్పుడు దారి సంగతి ఎవరూ తలచలేదా? 1948 నాటి కనీస వేతనాల చట్టం వేతనం ఎలా లెక్కగట్టాలో చెప్పలేదు. ఆ పని 1957లో 15వ భారత కార్మిక సదస్సు చేసింది. కుటుంబాన్ని మూడు వినియోగ యూనిట్లుగా తీసుకుంది. ఒక్కొక్కరికి రోజుకు 2,700 కేలరీల ఆహారం, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ప్రభుత్వ కార్మిక గృహపథకం స్థాయి అద్దె, వంటచెరకుకు, దీపానికి, ఇతర చిల్లర ఖర్చులకు మొత్తం వేతనంలో 20 శాతం అని నిర్ణయించింది. 1991లో రెప్టాకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం, పండుగలు, వృద్ధాప్యం, పెళ్ళిళ్ళు పరిగణిస్తూ మరో 25 శాతం చేర్చింది. ఎంత మానవీయమైన తీర్పు! అయినా ఈ జాబితాలో బస్సు టిక్కెట్టు పేరు లేదు. అది 'ఇతర చిల్లర ఖర్చుల'లో కిరసనాయిలు పక్కన ఎక్కడో ఇరుక్కుంది. వేతనాల స్మృతి కింద కేంద్రం 2020లో ప్రచురించిన నిబంధనల ముసాయిదా చూడండి: 72 గజాలు కాస్తా 66 మీటర్లయ్యాయి, ఆ 20 శాతం అలాగే ఉంది.

1957లో ఆ జాబితా వ్రాసినవారిని తప్పుపట్టలేము. మిల్లు పక్కనే కార్మికవాడ, కాలినడకన పని అన్నది ఆనాటి ఊహ. లింగంపల్లి దాటితే కనిపించే బీహెచ్‌ఈఎల్ టౌన్‌షిప్ ఆ కాలపు ఆలోచనకు గుర్తు: ఫ్యాక్టరీతో పాటే ఇళ్ళు కూడా కట్టారు. 1998లో సైబర్ టవర్స్ వెలిసిన తరువాత ఇటువైపు భవనాలే వచ్చాయి. వాటిని కాపలా కాసేవారు, కడిగేవారు ఎక్కడ ఉండాలన్నది ఎవరి నమూనాలోనూ లేదు.

మన సంప్రదాయంలో మాత్రం ఈ పద్దు ఉంది. ప్రజల తరఫున ఒక బాధ్యత స్వీకరించిన వ్యక్తికి ఇల్లు లేకుంటే ఇల్లు, భార్య లేకుంటే వివాహం, సేవకుడు లేకుంటే సేవకుడు సమకూర్చుకునే అనుమతిని దైవప్రవక్త (స) ఇచ్చినట్లు ముస్తౌరిద్ బిన్ షద్దాద్ (ర) ఉల్లేఖనం అబూదావూద్‌లో ఉంది. ఇమామ్ అహ్మద్ ముస్నద్‌లోని ఉల్లేఖనంలో వీటితో పాటు స్వారీ జంతువు కూడా ఉంది. అంతకు మించి తీసుకున్నది ద్రోహమనే హెచ్చరిక కూడా అక్కడే ఉంది. ఇది బైతుల్ మాల్ నుండి జీతం పొందే అధికారుల విషయమే, ప్రైవేటు కూలీ విషయం కాదు. అయినప్పటికీ పనిచేసే మనిషి అవసరాలను పేరుపేరునా లెక్కించినప్పుడు ఇల్లు, సంసారంతో పాటు వాహనమూ ఆ వరుసలో నిలవడం గమనించదగినది.

నేటి ప్రపంచంలోనూ ఇది ఎక్కడా లేని వింత కాదు. బ్రెజిల్‌లో 1985 నాటి చట్టంతో వచ్చిన రవాణా కూపన్ల పద్ధతి ఇప్పటికీ ఉంది. ఉద్యోగి తన మూల వేతనంలో 6 శాతం వరకు భరిస్తాడు, పనికి వచ్చిపోయే ఖర్చులో మిగిలినది యజమానిది. మన 13,000 లెక్కకు దానిని అన్వయిస్తే కార్మికుని వాటా 780, ఎక్స్‌ప్రెస్ పాసులో తక్కిన 820 యజమానిది. ఫ్రాన్సులో పాసు ఖర్చులో సగం యజమాని ఇవ్వాలి. అంత దూరమెందుకు, కొత్తగూడలోనే చూడండి. రాత్రి షిఫ్టులో స్త్రీలను పనిలో పెట్టుకునే ఐటీ సంస్థలు రవాణా కల్పించాలన్నది ప్రభుత్వ షరతు. ఆ క్యాబులు మన కళ్ళముందే తిరుగుతున్నాయి. గేటు తీసి ఆ క్యాబును లోనికి పంపిన కాంట్రాక్టు ఉద్యోగి మాత్రం చాలాచోట్ల నడిచే బస్టాపుకు వెళ్తాడు.

వేతనం దానంతటదే పెరుగుతుందన్న ఆశ ఎంతవరకు పెట్టుకోవచ్చో తెలంగాణ అనుభవం చెబుతుంది. అయిదేళ్ళకు మించకుండా వేతనాలను సమీక్షించాలన్నది పాత చట్టంలోనే ఉంది. 2021 జూన్‌లో అయిదు రంగాలకు వేతనాలు సవరిస్తూ జీవోలు వెలువడ్డాయి. అవి గెజెట్‌లో అచ్చుకాకపోవడంతో కాగితాలకే పరిమితమయ్యాయి. ఏడాదికి రెండుసార్లు ధరల సూచీని బట్టి కలిసే కరువు భత్యమే ఆసరా.

కనుక చేతిలో ఉన్న హక్కులనైనా తెలుసుకుందాం. పాత చట్టమైనా, 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన వేతనాల స్మృతి అయినా ప్రయాణ భత్యాన్ని వేతనంలో భాగంగా పరిగణించవు. అంటే కనీస వేతనం పూర్తిగా ఇచ్చిన తరువాతే ప్రయాణ భత్యం. మీ ఇంటి అబ్బాయి జీతపు చీటీలో 'కన్వేయన్స్' అన్న గడి ఉంటే, దానిని తీసివేసి మిగిలినది కనీస వేతనానికి తగ్గకుండా ఉన్నదా అని చూడండి. తగ్గితే, ఇవ్వవలసిన డబ్బుకే వేరే పేరు పెట్టి లెక్క సరిపెట్టారన్నమాట. కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు చేయవచ్చు.

మనలోనూ దుకాణాలు, వర్క్‌షాపులు, బేకరీలు నడిపేవారున్నారు, ఇంట్లో పనిమనిషిని పెట్టుకునేవారున్నారు. చెమట ఆరకముందే కూలి ఇవ్వాలని పిల్లలకు నేర్పేది మనమే. జీతం మాట్లాడేటప్పుడు "ఎక్కడి నుండి వస్తావు బాబూ? రానూపోనూ ఎంతవుతుంది?" అని అడిగి, ఆ మొత్తాన్ని జీతంలో కలపకుండా వేరుగా ఇవ్వడం చట్టం వచ్చేదాకా ఆగవలసిన పని కాదు.

చట్టం దారిని పనిలో భాగంగా గుర్తించే చోటు ఒకటుంది. 2010లో ఈఎస్ఐ చట్టానికి చేర్చిన 51ఇ సెక్షనుతో వచ్చిన నియమం ప్రకారం ఇంటి నుండి పనికి, పని నుండి ఇంటికి వెళ్ళే దారిలో జరిగిన ప్రమాదాన్ని పనిలో జరిగిన ప్రమాదంగానే చూస్తారు. సమయం, స్థలం, పరిస్థితులు పనితో ముడిపడి ఉన్నాయని తేలాలి. నెల వేతనం 21,000 దాటనివారికి ఈఎస్ఐ వర్తిస్తుంది. ప్రాణం పోతే ఆధారపడిన కుటుంబానికి సగటు వేతనంలో 90 శాతం పింఛనుగా అందుతుంది. కాంట్రాక్టరు నిజంగా చందా కడుతున్నాడా, కార్డులో భార్యాపిల్లల పేర్లు ఎక్కాయా అన్నది ఈ వారమే చూసుకోండి. షిఫ్టు వేళలు తెలిపే హాజరు పట్టీ ఫోటో, బస్సు పాసు నకలు ఇంట్లో ఉండే ఫోనులో దాచి ఉంచండి. తెల్లవారుజామున నాలుగున్నరకు మనిషి ఆ రోడ్డు మీద ఎందుకున్నాడో తరువాత చెప్పగలిగేవి ఆ రెండే.