బ్యాటరీ చేసిన నేరమేమిటి?

పశ్చిమ బెంగాల్ రాష్ట్రంలో అత్యున్నత శిఖరం సందక్‌ఫు. సముద్రమట్టానికి 3636 మీటర్ల ఎత్తున, నేపాల్ సరిహద్దును ఒరసుకొని ఉన్నది. నిర్మలమైన ఉదయాన అక్కడ నిలబడితే కాంచనగంగతో పాటు ఎవరెస్టు కూడా కంటికి ఆనుతుంది. ఆ దృశ్యం కోసం వచ్చే యాత్రికులను డార్జిలింగ్ జిల్లాలోని మానేభంజాంగ్ అనే చిన్న ఊరి నుంచి సుమారు 31 కిలోమీటర్ల కొండదారిన పైకి చేర్చే భారాన్ని దశాబ్దాల పాటు మోసినవి ముసలి లాండ్‌రోవర్ బండ్లు. 1948 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్ మోటారు ప్రదర్శనలో తొలిసారిగా లోకానికి దర్శనమిచ్చిన ఆ జాతిలో మొదటి తరానికి చెందినవి. ఒకనాడు తేయాకు తోటల దొరలకు ఊడిగం చేసిన బండ్లే తరువాత స్థానికులకు జీవనాధారమైనాయి. ఇటీవల ఆ దారిన కొత్త బండ్లు కూడా తిరుగుతున్నాయి గాని, ముసలివాటి కీర్తి చెక్కు చెదరలేదు.

అంత ఎత్తున బండి విహారసాధనం మాత్రమే కాదు. పలుచని గాలికి అలవాటు పడని మనిషిని ఒక్కొక్కప్పుడు తలనొప్పి, వాంతులు, ఆయాసం పట్టుకొంటాయి. అవి ముదిరితే అన్నిటికన్న ముందుగా చేయవలసినది, ఆ మనిషిని ఆలస్యం చేయకుండా కిందికి దించడం. అటువంటి రోగిని చలికాలపు రాత్రి బండిలో కూర్చోబెట్టి, డ్రైవరు సెల్ఫ్ కొట్టాడనుకోండి. లోపల ‘టక్’మన్న చప్పుడు. దీపాలు గుడ్డివైపోయినాయి. ఇంజను కదలలేదు.

నేరం ఎవరిది? అందరి వేళ్లూ బ్యాటరీనే చూపుతాయి. మరునాడు కొత్త బ్యాటరీ వస్తుంది. నాలుగు రోజులు బండి గుర్రంలా పరుగెత్తుతుంది. అయిదో నాడు మళ్లీ అదే ‘టక్’. కొత్త బ్యాటరీ దుకాణంలో నింపుకొని వచ్చిన విద్యుత్తు పుట్టింటివారు కట్టి ఇచ్చిన సద్దిమూట వంటిది. ఉన్నన్నాళ్లు ఇల్లు నిండుగానే కనిపిస్తుంది. సంపాదన ఉన్నదా లేదా అన్నది మూట అయిపోయిన తరువాతనే తెలుస్తుంది.

బండిలో సంపాదించేది డైనమో. బ్యాటరీ కేవలం గాదె. గాదె ఖాళీగా ఉన్నదంటే గాదె చెడినదని అర్థం కాదు. పంట పండలేదేమో, పండిన ధాన్యం దారిలో ఒలికిపోయినదేమో చూడాలి.

లెక్క వేసి చూస్తే సంగతి స్పష్టమవుతుంది. రెండు పెద్ద దీపాలు, వెనుక దీపాలు, ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే కాయిల్, అన్నీ కలిసి 10 ఆంపియర్లకు పైగానే తాగుతాయి. ఆనాటి డైనమో పూర్తి శక్తితో ఇచ్చేది 20 ఆంపియర్లకు అటూ ఇటూ. అది మానుకొంటే భారమంతా బ్యాటరీ మీద పడుతుంది. 50 ఆంపియర్-అవర్ల బ్యాటరీ కాగితం మీద అయిదు గంటలు ఓర్చుకోవాలి. వయసు మళ్లిన బ్యాటరీ, అందులోనూ చలిలో, అందులో సగం కూడా ఓర్వదు. పెట్రోలు ఇంజనుకు బ్యాటరీ చచ్చిపోతే నిప్పురవ్వ కూడా ఉండదు. నడుస్తున్న బండి నట్టడవిలో ఆగిపోతుంది. డీజిల్ ఇంజను వేసిన బండి ఆ తరువాత కూడా నడుస్తుంది గాని, దీపాలు లేకుండా ఆ మలుపులు దిగడానికి సాహసించేవారెవరు?

చలిలో మరొక ప్రమాదం కూడా ఉన్నది. నిండా చార్జీ ఉన్న బ్యాటరీలోని ఆమ్లం అక్కడి చలికి గడ్డకట్టదు. చార్జీ పూర్తిగా దిగిపోయిన బ్యాటరీలో మిగిలేది దాదాపు నీరే. అది సున్నాకు దిగువ ఎనిమిది డిగ్రీల ప్రాంతంలోనే గడ్డకట్టి, పెట్టెను పగులగొడుతుంది. అప్పుడు బ్యాటరీ నిజంగానే చెడిపోయిందని తీర్పు చెప్పవచ్చు. కాని దాన్ని చంపినది వేరొకటి.

దోషిని పట్టుకోవడానికి బండిలో ఒక సాక్షి ఉన్నది. అది డ్యాష్‌బోర్డు మీది చిన్న ఎర్రదీపం. దాని ఒక కొస తాళం ద్వారా బ్యాటరీకి, రెండవ కొస డైనమోకు కలిసి ఉంటాయి. తాళం తిప్పగానే బ్యాటరీ నుంచి బయలుదేరిన విద్యుత్తు దీపం గుండా డైనమోలోకి పోయి ఎర్త్ చేరుతుంది, దీపం వెలుగుతుంది. ఇంజను తిరిగి డైనమో కూడా బ్యాటరీతో సమానమైన వోల్టేజి పుట్టించినప్పుడు దీపానికి రెండువైపులా ఒకే ఒత్తిడి ఏర్పడుతుంది. అటూ ఇటూ సమానమైతే ప్రవాహం లేదు, దీపం ఆరిపోతుంది. సాధారణంగా డ్రైవర్లు దీపం ఆరిందా లేదా అని మాత్రమే చూస్తారు. అది ఎలా వెలిగింది, ఎలా ఆరింది అన్నది చూసేవారు అరుదు.

ఇంజను వేగం ఎంత పెంచినా దీపం ఒకే తీరుగా వెలుగుతున్నదంటే డైనమో ఏమీ పుట్టించడం లేదు. తాళం తిప్పినప్పుడు అసలు వెలగకపోతే బల్బు మాడిపోయి ఉండాలి, లేదా డైనమోలోని కార్బన్ బ్రష్షులు ఆర్మేచరును తాకడం లేదు. వేగంగా పోతున్నప్పుడు కూడా మిణుగురు వలె మినుకుమినుకుమంటూ ఉంటే, పుట్టిన విద్యుత్తుకు దారిలో ఎక్కడో అడ్డు ఉన్నది. ఇవిగాక నాలుగో రకం ఒకటి ఉన్నది. మొదట వెలుగుతుంది, వేగం కొంచెం పెరగగానే ఆరినట్లే ఆరి, ఇంకా పెంచినకొద్దీ మళ్లీ వెలుగుతుంది, మునుపటి కన్న ప్రకాశంగా. ఊహించిన ఆ సందక్‌ఫు బండిలో దీపం చేస్తున్నది సరిగ్గా ఇదే అనుకొందాం. దాని అర్థం తరువాత తేలుతుంది.

సాక్ష్యం విన్న తరువాత విచారణ. ముందుగా ఖర్చు లేని పనులు. ఫ్యాన్ బెల్టును నడుమ బొటనవేలితో నొక్కితే అరంగుళం మేరకే లొంగాలి. అంతకన్న వదులైతే జారుతుంది, మరీ బిగువైతే డైనమో బేరింగును తినివేస్తుంది. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పూచిన పూతను వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరిన తరువాత బిగించాలి. ఈ రెండు పనులతోనే తీరిపోయే రోగాలు చాలా ఉంటాయి. మెకానిక్కుకు మాత్రం వాటిలో రాబడి లేదు.

తరువాత ఒక మీటరు కావాలి. కొన్ని గంటలు ఊరకున్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్లు. 12కు దిగితే దాదాపు ఖాళీ. ఇంజను ఓ మోస్తరు వేగంతో తిరుగుతుండగా అవే టెర్మినళ్ల మధ్య 13 దాటి 14 వైపు ఎక్కాలి. ఎక్కకపోతే బ్యాటరీకి కూడు అందడం లేదు. 15 దాటి పోతున్నదంటే అజీర్ణం: నీరు త్వరగా ఇగిరిపోతుంది, బల్బులు తరచు మాడిపోతాయి.

కూడు అందడం లేదని తేలిన తరువాత డైనమోను ఒంటరిగా నిలదీయాలి. దానికి రెండు టెర్మినళ్లు. పెద్దది ‘డి’, చిన్నది ‘ఎఫ్’. ‘డి’ నుంచి విద్యుత్తు బయటికి వస్తుంది. ‘ఎఫ్’ గుండా దాని అయస్కాంతపు చుట్టలకు కావలసిన పాలు తిరిగి లోపలికి పోతుంది. వచ్చిన వైర్లు రెండూ ఊడదీసి, ఆ రెండు టెర్మినళ్లను చిన్న వైరు ముక్కతో కలిపి, ఆ ముక్కకూ డైనమో ఒంటికీ నడుమ మీటరు పెట్టి ఇంజనును మెల్లగా తిప్పాలి. ఆరోగ్యంగా ఉన్న డైనమో వోల్టేజి తడబాటు లేకుండా చకచకా పెరుగుతుంది. 20 వోల్టులు దాటనీయకూడదు. ఇప్పుడు దానికి కళ్లెం లేదు. ఏమీ చూపకపోతే బ్రష్షులను చూడాలి. అర వోల్టు, ఒక వోల్టు దగ్గర ఆగితే ఫీల్డు కాయిల్ దెబ్బతిన్నది. నాలుగైదు వోల్టుల దగ్గర చతికిలబడితే ఆర్మేచరు వైండింగు పోయినది. ఇంత సులువైన పరీక్ష ఉండగా, ఏ పరీక్షా లేకుండా డైనమోను విప్పి వైండింగుకు పంపేవారి తొందర చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

మన బండి డైనమో ఈ పరీక్షలో నెగ్గినది. గాదె మంచిదే, పంటా పండుతున్నది. ఇక మిగిలినది నడుమ కూర్చున్న దళారి.

ఆ దళారి డ్యాష్‌బోర్డు అవతల బిగించి ఉండే నల్లని పెట్టె. మన మెకానిక్కులు పెట్టెనంతటినీ కలిపి కటౌట్ అంటారు గాని, అందులో రెండు విద్యుదయస్కాంతాలు పక్కపక్కన ఉంటాయి. ఒకటి రెగ్యులేటరు, డైనమో వోల్టేజి హద్దు మీరబోతే ‘ఎఫ్’కు పోయే విద్యుత్తును తెంచి కళ్లెం లాగుతుంది. రెండవది అసలు కటౌట్. డైనమో 13 వోల్టుల ప్రాంతానికి చేరగానే తలుపు తీసి బ్యాటరీలోకి పంపుతుంది, ఇంజను ఆగగానే తలుపు మూసి బ్యాటరీ సొమ్ము డైనమోలోకి వెనక్కు పారిపోకుండా ఆపుతుంది. ఈ తలుపు కొనలు అంటుకుపోతే ఇంజను ఆపిన తరువాత డైనమో వేడెక్కి కమురు వాసన వేస్తుంది. తక్షణం బ్యాటరీ వైరు ఊడదీయాలి. కొనలను శుభ్రం చేయడానికి అతి సన్నని గరుకు కాగితమే వాడాలి; ఎమరీ పనికిరాదు.

ఈ రెండు అయస్కాంతాలకూ ప్రాణం పోసే సన్నని చుట్టలు పెట్టె మీది ‘ఇ’ అనే టెర్మినల్ ద్వారా ఎర్త్ చేరుతాయి. ఆ ఒక్క వైరు ఊడితేనో, దాని కింద తుప్పు పట్టితేనో విచిత్రం జరుగుతుంది. రెగ్యులేటరు నిద్రపోతుంది కనుక డైనమో కళ్లెం లేక విజృంభిస్తుంది. కటౌట్ కూడా నిద్రపోతుంది కనుక తలుపు తెరచుకోదు. ఒకపక్క డైనమో అవసరానికి మించి పుట్టిస్తూ మాడిపోతుంటే, మరొకపక్క బ్యాటరీ ఆకలితో చస్తుంది. ఎర్రదీపం మళ్లీ ప్రకాశంగా వెలగడానికి అర్థం ఇదే. ఇప్పుడు దానిలో విద్యుత్తు పోతున్నది బ్యాటరీ వైపు నుంచి కాదు, డైనమో వైపు నుంచి. సాక్షి మొదటినుంచీ నిజమే చెబుతున్నది. అడిగినవారు లేరు.

ఎర్త్ విషయంలో ఈ జాతి బండ్లకు పుట్టుకతో వచ్చిన బలహీనత ఒకటి ఉన్నది. యుద్ధానంతరపు ఇంగ్లండులో ఉక్కుకు కరువు. అందువలన బండి పై తొడుగును అల్యూమినియం మిశ్రమలోహంతో చేసి, ఉక్కు చట్రం మీద బిగించారు. తొడుగుకు తుప్పు లేదన్న మాట నిజమే. అన్నేళ్లు బ్రతకడానికి అదొక కారణం. కాని అల్యూమినియం, ఉక్కు కలిసిన చోట తడి చేరితే అక్కడ లోహం తెల్లని పొడిగా మారి, విద్యుత్తుకు గోడవలె అడ్డు నిలుస్తుంది. పైగా ఇంజను రబ్బరు దిమ్మెల మీద కూర్చుంటుంది. చట్రంతో దానికి విద్యుత్ బంధుత్వం కలిపేది అల్లిన రాగి పట్టీ ఒక్కటే. అది తెగితే సెల్ఫ్ లాగే విద్యుత్తు మరో దారి వెదుక్కొని చోకు తీగ గుండా పరుగెత్తుతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు చోకు తీగ చేతికి వేడిగా తగిలితే కార్బురేటరును అనుమానించనక్కర లేదు.

బ్యాటరీ మార్చినప్పుడు జరిగే పొరపాటును కూడా చెప్పుకోవాలి. ఆ కాలపు లాండ్‌రోవర్లలో ఎర్త్‌కు కలిపేది పాజిటివ్ టెర్మినల్. నేటి బండ్లన్నిటికీ నెగటివ్ ఎర్త్ కనుక దుకాణంలో కుర్రవాడు అలవాటు చొప్పున తిప్పి బిగిస్తాడు. డైనమో పుట్టించేది ఒక దిశ, బ్యాటరీ ఉన్నది మరొక దిశ. కటౌట్ కలవగానే కొనలు అతుక్కుపోతాయి. ఎర్త్ మార్చదలచుకొంటే ‘ఎఫ్’ వైరు ఊడదీసి, ఎర్త్ కాని బ్యాటరీ టెర్మినల్ నుంచి ఒక వైరును డైనమో ‘ఎఫ్’కు క్షణకాలం తాకించి, దానిలోని అయస్కాంత శేషాన్ని కొత్త దిశకు తిప్పాలి. ఏళ్ల తరబడి మూలపడి అయస్కాంతం మరచిన డైనమోకు కూడా ఇదే చికిత్స. ఈ పద్ధతి ఈ రకం డైనమోలకు వర్తిస్తుంది. అమెరికా తరహా జీపుల డైనమోలకు పద్ధతి వేరు.

ఈ తంటాలన్నీ ఎందుకని ఆల్టర్నేటరు పెట్టించుకొన్నవారు ఎందరో ఉన్నారు. అది నెమ్మదిగా తిరిగినప్పుడు కూడా చార్జీ ఇస్తుంది. కాని దానిలో ఎర్రదీపం సాక్షి మాత్రమే కాదు. చాలా ఆల్టర్నేటర్లకు మొదటి విద్యుత్తు ఆ దీపం గుండానే అందుతుంది. బల్బు మాడితే చార్జింగే మొదలు కాకపోవచ్చు. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ వైరు ఊడదీసి ‘పరీక్షించే’ పాత అలవాటు కూడా ఇక్కడ చెల్లదు, డయోడ్లు కాలిపోతాయి.

ఆ రాత్రి సంగతి. ముసలి లాండ్‌రోవర్లకు ముందువైపు హ్యాండిల్ దూర్చే రంధ్రం ఉంటుంది. సెల్ఫ్‌ను తిప్పలేనంత నీరసించిన బ్యాటరీ కూడా నిప్పురవ్వకు చాలినంత ఇవ్వగలదు. ఇద్దరు మనుషులు వంతులవారీగా హ్యాండిల్ కొట్టి ఇంజను లేపారనుకొందాం. పెద్ద దీపాలు మలుపుల దగ్గర తప్ప వేయకుండా, ముందు ఒకడు టార్చి పట్టుకొని నడువగా, రోగి తెల్లవారేసరికి కిందికి చేరాడు. పగటి వెలుతురులో డ్రైవరు నల్లపెట్టె కింద చూస్తే ‘ఇ’ వైరు మర మీద తుప్పు. గీకి, మెరిసేదాకా తుడిచి, బిగించాడు. మీటరు ముల్లు 14 దగ్గర నిలిచినది. ఎర్రదీపం ఆరి, ఎంత వేగం పెంచినా మళ్లీ వెలగలేదు.

కొత్త బ్యాటరీకి పోసిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు.