మంత్రానికి ఫెలోషిప్పా?

ప్రజల సొమ్ముతో ఇచ్చే రీసెర్చ్ ఫెలోషిప్ అంటే ఏమిటి? ఒక కుర్రాడికో అమ్మాయికో నాలుగైదేళ్ళు తిండి ఖర్చులిచ్చి, "ఈ ప్రశ్నకి జవాబు వెతుకు" అని దేశం అడగటం. ఆ ప్రశ్న ఎలాంటిదన్న దగ్గరే నా గొడవంతా.

2016లో భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్, నెలకి 28,000 రూపాయల ఫెలోషిప్ ఇచ్చి అడిగించిన ప్రశ్న చూడండి. తలకి తీవ్రమైన దెబ్బ తగిలినవాళ్ళ కోసం మహామృత్యుంజయ మంత్రం జపిస్తే మేలు జరుగుతుందా? ఎయిమ్స్ ఎథిక్స్ కమిటీ కాదన్నదని పత్రికల్లో వచ్చింది. ఢిల్లీలోని రామమనోహర్ లోహియా ఆసుపత్రిలో ఒప్పుకున్నారు. 2019 దాకా సాగింది. మొత్తం 40 మంది రోగులు. సగం మందికి మామూలు వైద్యం, మిగతా సగానికి వైద్యంతోపాటు జపం. రోగికి స్పృహ ఉండదు కాబట్టి ఒప్పుకోవలసింది బంధువులే. ఐసీయూ బయట కూచున్న తల్లి దేనికైనా సంతకం పెడుతుంది!

"పరీక్షిస్తే తప్పేమిటి? పరీక్షంటే హేతువాదులకి భయమా?" అంటారు మిత్రులు. భయమెందుకండీ, ఆ పరీక్ష ఎప్పుడో అయిపోయింది. అమెరికాలో గుండె బైపాస్ చేయించుకున్న 1,802 మందితో ప్రార్థనని పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించారు. డబ్బులిచ్చినవాళ్ళు నాస్తికులు కాదు, టెంపుల్టన్ ఫౌండేషన్ వాళ్ళు. మేలేమీ కనపడలేదు. పైగా తమకోసం ప్రార్థిస్తున్నారని ఖాయంగా తెలిసినవాళ్ళలోనే ఇబ్బందులు కాస్త ఎక్కువొచ్చాయి. అది వాళ్ళ ప్రార్థన, ఇది మన మంత్రం అంటారా? సరే, జపం పనిచెయ్యదని తేలితే జపాలు మానేస్తారా? ఏ జవాబొచ్చినా ఎవరూ ఏమీ మార్చుకోనప్పుడు దాన్ని పరీక్ష అనటం దేనికి?

తలగాయాల గురించి అడగటానికి ప్రశ్నలే కరువయ్యాయా? 2019లో మన రోడ్ల మీద లక్షన్నర మందికి పైగా చచ్చిపోయారు. ఆ ఏడాదే క్రాష్-3 అనే పరీక్ష ఫలితాలొచ్చాయి. 29 దేశాల్లో 12,737 మంది రోగులు. ట్రానెగ్జామిక్ యాసిడ్ అనే చవక ఇంజెక్షన్ దెబ్బ తగిలిన 3 గంటల్లోపు ఇస్తే, మరీ తీవ్రం కాని తలగాయాల్లో మరణాలు తగ్గుతున్నాయని తేల్చారు. ఇక ఊరి బయట బండి మీదనుంచి పడ్డవాడికి ఆ ఇంజెక్షన్ 3 గంటల్లో ఎలా అందాలి? 108లోనే ఇచ్చెయ్యచ్చా? ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇవ్వాలా? స్కాన్ తీసేదాకా ఆగాలా? ఒక్కొక్కటీ ఒక పీహెచ్‌డీకి సరిపోయే ప్రశ్న.

ఆ రోజుల్లోనే జూనియర్ ఫెలోలకి నెలకి 25,000 వచ్చేది. 2014 తరవాత పెంచలేదు. 2018 చివర్లో దేశమంతా రిసెర్చ్ విద్యార్థులు రోడ్డెక్కితే 2019 జనవరిలో 31,000 చేశారు. వాళ్ళకి నిధుల్లేవు, జపానికున్నాయి!

నేనడిగేది పెద్దదేమీ కాదు. ఫెలోషిప్ ఇచ్చే ముందు, ఈ ప్రశ్న ఇదివరకు ఎవరడిగారు, ఏం తేలింది అని అభ్యర్థి చేత ఒక పేజీ రాయించండి. ఎంపిక కమిటీ దానిమీద ఏమన్నదో కూడా కలిపి వెబ్‌సైట్లో పెట్టండి. మంత్రం దరఖాస్తుకి సరేనన్న కమిటీ ఏం రాసిందో మొట్టమొదట పెట్టండి.