భూమి కింద పండిందా, పైన పండిందా అన్నది కాదు లెక్క

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు రాయడం రిటైరయ్యాక నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి.

పోయిన మీటింగులో ఉగాది భోజనం మాట వచ్చింది. మనలో చాలామందికి షుగరు ఉంది కాబట్టి ఉర్లగడ్డ మసాలా, చామగడ్డ వేపుడు తీసేద్దామని ఒక పెద్దాయన అన్నారు. అందరూ సరే అన్నారు. సాంబారన్నం, పెరుగన్నం, అప్పళం, పాయసం మాత్రం అలాగే ఉన్నాయి! ఆ రోజు నేను నోరు తెరవలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

నాకు షుగరు వచ్చి 14 ఏళ్లు. మొదట్లో నాకూ ఇదే చెప్పారు, భూమి కింద పండేది ఏదీ తినొద్దని. గడ్డలన్నీ మానేశాను. కూర రుచిగా లేదని రసంతో ఇంకో గరిటె అన్నం ఎక్కువ తిన్నాను. షుగరు దిగలేదు. ఎలా దిగుతుంది? ముల్లంగి భూమి కిందే పండుతుంది, అందులో పిండి చాలా తక్కువ. వరి భూమి పైనే పండుతుంది, అదంతా పిండే.

100 గ్రాముల ఉడికిన ఉర్లగడ్డలో పిండిపదార్థం సుమారు 20 గ్రాములు. అంతే తూకం తెల్లన్నంలో సుమారు 28. పార్సెల్ ఆఫీసులో మేము మూట మీద పేరు చూసి చార్జీ వెయ్యలేదు, తూకం చూసి వేశాము. ఇక్కడా అంతే.

అలాగని గడ్డలు ఇష్టమొచ్చినంత తినమని కాదు. ఉర్లగడ్డ కూడా షుగరును తొందరగానే పెంచుతుంది. కర్రపెండలంలో పిండి ఇంకా ఎక్కువ. గడ్డ తిన్న పూట ఆ మేరకు అన్నం తగ్గించాలి. నూనెలో వేయించకుండా ఉడికించాలి. పళ్లెంలో సగం ఆకుకూర, బీన్స్, సొరకాయలాంటివి, పావు భాగం పప్పో గుడ్డో, మిగిలిన పావులోనే అన్నమూ గడ్డా రెండూ సర్దుకోవాలి. తిన్న రెండు గంటలకు మిషన్‌తో చూసుకుంటే మన ఒంటికి ఏది ఎంత పడుతుందో తెలుస్తుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగే తినాలి, గడ్డల్లో పొటాషియం ఎక్కువ.

భయపడి మానేయడంలోనూ ప్రమాదం ఉంది. ఒకసారి నేను మాత్ర వేసుకుని, అన్నం పూర్తిగా మానేశాను. చెమటలు పట్టి, కళ్లు తిరిగి వంటింట్లో కూలబడ్డాను. మా ఆవిడ మూడు స్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించింది కాబట్టి తేరుకున్నాను. ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్లు తిండి తగ్గించే ముందు డాక్టరుకు చెప్పి తీరాలి.

దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉందని 2023లో ఐసీఎంఆర్ సర్వే చెప్పింది. ఆ సర్వే నడిపింది మన చెన్నై మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషనే. ఇంత పెద్ద సంగతికి ఒక్క ఉర్లగడ్డ మీద నేరం మోపితే సరిపోతుందా?

కమిటీకి నా మనవి ఇదీ. గడ్డ కూర ఉండనివ్వండి, వేపుడు బదులు ఉడికించి చేయించండి. అన్నం అడిగినవాళ్లకే రెండోసారి వడ్డించండి. పాయసం చిన్న గిన్నెలో ఇవ్వండి. కూటు, పొరియల్ ఇంకొకటి చేర్చండి. అన్నిటికంటే ముఖ్యం, ఉపన్యాసాలు ముగిసినా ముగియకపోయినా 12.30కి ఆకులు వెయ్యండి. పోయినేడు రెండు దాటింది. మాత్ర వేసుకుని వచ్చినవాళ్లం అంతసేపు ఆగలేము.