పెరటి లొట్టి, వాకిటి సీసా



నేను మద్యపాయిని కాను. ముప్పై మూడేళ్లు తెలుగు పండితుడిగా పనిచేసి, ఛందస్సు గురించో సమాసాల గురించో రాసుకునే ఈ ముసలాయనకు షాంపేను గొడవ ఎందుకని మీలో కొందరు ముక్కున వేలేసుకుంటారని తెలిసే ఈ మాట ముందుగా చెప్పుకుంటున్నాను. నా గొడవ పానీయంతో కాదు, దాన్ని మన ఇళ్లలోకి రానిచ్చే ద్వారంతో.

జరిగింది చెబుతాను. పోయిన కనుమనాడు మా చెల్లెలి ఇంట ఉన్నాను. వాళ్లది అమలాపురానికి దగ్గర పల్లె. అమెరికా అల్లుడికి అది మొదటి సంక్రాంతి. కోనసీమలో కొత్తల్లుడి పండుగ అంటే ఏమిటో మీకు వేరే చెప్పనక్కరలేదు; విస్తరిలో వంటకాలను లెక్కపెట్టడానికి ఒక మనిషిని పెట్టుకోవాలి. ఆ కుర్రవాడు మంచివాడు, వినయశీలి. పెట్టెలో బట్టల మధ్య భద్రంగా చుట్టి ఒక ఫ్రెంచి షాంపేను సీసా తెచ్చాడు. జగ్గన్నతోటలో ప్రభల తీర్థం చూసుకొని, ఏకాదశ రుద్రులకు దండం పెట్టుకొని, సాయంత్రానికి అందరం ఇల్లు చేరాం. వీధరుగు మీద సభ ఏర్పాటయింది.

సీసా మధ్యాహ్నమంతా కారు డిక్కీలో ఉంది. తీర్థం దారిలో ఎన్ని గోతులున్నాయో అన్నిట్లోనూ పడి లేచింది. బావగారు దాన్ని అందుకొని, సినిమాల్లో చూసినట్టు రెండుసార్లు ఆడించి, తీగ విప్పారు. బిరడా తుపాకీ గుండులా లేచి ట్యూబులైటును బద్దలు కొట్టింది. ఒక్క జానెడు ఇటు జరిగి ఉంటే మా మనవరాలి కన్ను పోయేది. సగం సీసా పొంగి వాకిట్లో ముగ్గు మీద పారింది. అందరూ చప్పట్లు కొట్టారు. "షాంపేనంటే అలాగే పొంగాలండీ" అన్నారు బావగారు.

సరిగ్గా ఆ క్షణంలోనే వీధి గేటు దగ్గర ఒక మనిషి నిలబడ్డాడు. చేతిలో లొట్టి. దాని మూతి మీంచి కూడా నురగ పొంగుతోంది. బావగారు పొద్దున్నే కబురు పెట్టి తెప్పించుకున్న తాటికల్లే అది. ఆయన ముఖం మాడిపోయింది. "ఇటు కాదురా, పెరటివైపు రా. నలుగురూ ఉన్నప్పుడేంటి?" అని గసిరారు. అతను కిమ్మనకుండా ఇంటిని చుట్టి వెళ్లాడు. వెళుతూ నన్ను చూసి, లొట్టి కింద పెట్టి, "ఆయ్, మేష్టారండీ, బాగున్నారాండీ?" అని నమస్కరించాడు. నా దగ్గర ఎనిమిదో తరగతి చదివినవాడు.

ఒకే వాకిట్లో రెండు నురగలు. ఒకదానికి చప్పట్లు, ఇంకొకదానికి పెరటి దారి. ఇది నాకు నాలుగు రోజులు నిద్ర పట్టనివ్వలేదు.

ఆ రెండు నురగలకూ తేడా ఏమిటో కాస్త చూద్దాం. ఈస్టు అనే సూక్ష్మజీవి తీపిని తిని మత్తునూ, బొగ్గుపులుసు వాయువునూ విడుస్తుంది. తాటిచెట్టు మీద కట్టిన లొట్టిలో ఈ పని చెట్టు మీదే మొదలవుతుంది. అందుకే తెల్లవారుజామున దించిన కల్లు తియ్యగా, చిమచిమలాడుతూ ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది. లొట్టిలో ముందుగా సున్నం పూస్తే పులియదు, అది నీరా. షాంపేనులో అదే పని రెండుసార్లు జరుగుతుంది. మొదట ద్రాక్షరసం పీపాలోనో తొట్టిలోనో పులుస్తుంది. తరవాత దాన్ని సీసాలో పోసి, కాస్త చక్కెర, ఈస్టు కలిపి బిరడా బిగిస్తారు. లోపల పుట్టిన వాయువుకు దారి ఉండదు కనుక ద్రవంలోనే కరిగి కూర్చుంటుంది. సాధారణ షాంపేనును కనీసం 15 నెలలు నేలమాళిగలో ఉంచితే గాని అమ్మనివ్వరు. కల్లు ఆయుష్షు ఒక పూట. ఒకటి మహాకావ్యం, ఇంకొకటి ఆశువుగా చెప్పిన పద్యం అనుకోండి. ఆశువు చెప్పినవాణ్ణి పెరట్లోంచి రమ్మనే సంప్రదాయం మన సాహిత్యంలో నేనెక్కడా చదవలేదు.

ఇంకో విచిత్రం. ఆ షాంపేను సీమలో ఒకప్పుడు ఈ బుడగల్నే దోషంగా ఎంచేవారు. 1668 నుంచి 1715 దాకా ఓవిల్లేరు మఠంలో ద్రాక్షసారా వ్యవహారాలు చూసిన దోమ్ పెరిన్యోను గురించి, షాంపేనును కనిపెట్టింది ఆయనే అని కథలు చెబుతారు. నిజానికి ఆయన ఆ బుడగలు రాకుండా చూడటానికే తంటాలు పడ్డాడు. వైనులో చక్కెర వేసి పొంగించడం గురించి క్రిస్టఫర్ మెరెట్ అనే ఆంగ్లేయుడు 1662లోనే రాశాడు. వాళ్లు దోషాన్ని గుణంగా మలచుకొని లోకమంతటికీ అమ్ముకున్నారు. మనం ఉన్న గుణాన్ని దోషమని పేరుపెట్టి పెరట్లోకి తోశాం.

"మన సంస్కృతిలో ఇవి లేవండీ" అని ఒక మాట తరచు వింటాను. ఆ మాట అనేవారు అమరకోశం తెరిచి చూడాలి. రెండో కాండలో శూద్రవర్గం. సుర, హాల, ప్రసన్న, కాదంబరి, మదిర, ఆసవం, మైరేయం, శీధువు అంటూ వరస సాగుతుంది. తాగే పాత్రకు చషకమని పేరు. పానంతో పాటు నంజుకునే దానికి సైతం అవదంశమనే పదం ఉంది. లేని వస్తువుకు ఇన్ని పేర్లుంటాయా? కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడనే అధికారికి ఒక ప్రకరణమే కేటాయించారు. ద్రాక్షరసంతో చేసిన దానికి అక్కడ మధువని పేరు. ఈ పదాలు నేను క్లాసులో వల్లె వేయించినవే. అయితే, ఒక చిన్న మోసం చేసేవాణ్ణి. ఆ వరస వచ్చినప్పుడు "ఇవి పరీక్షలో రావు" అని దాటేసేవాణ్ణి.

ఇక దువ్వూరి రామిరెడ్డిగారి పానశాలను తలకెత్తుకోని తెలుగు పండితుడు ఉంటాడా? పారశీకం నేర్చుకొని ఆయన ఖయ్యామును తెలుగులోకి తెస్తే మా తరం దాన్ని కంఠస్థం చేసింది. ఆదిభట్ల నారాయణదాసుగారు ఖయ్యామును సంస్కృతంలోకీ తెలుగులోకీ తెచ్చారు. మహారాష్ట్రలోని నారాయణగావ్‌లో 1980లలో ఫ్రెంచి పద్ధతిలో చేసిన నురగ వైనుకు ఒమర్ ఖయ్యాం అనే పేరే పెట్టి విదేశాలకు పంపారు. పద్యంలో పాత్ర నిండితే తలలూపుతాం, వాకిట్లో లొట్టి నిండితే తల తిప్పుకుంటాం.

మద్యం మంచిదని నేననడం లేదు, పొరబడకండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణం మీదకు కదిలినప్పుడు నాలాంటి ఉపాధ్యాయులు ఒళ్లు పులకరించి విన్నారు. అక్షరాస్యతా పాఠాల్లోని సీతమ్మ కథ చదివి ఆడవాళ్లు లేచారని తెలిసి, పాఠానికి ఇంత బలముందా అని ఆశ్చర్యపోయాం. ఆ కన్నీళ్లు నిజం. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో అది సడలిపోయింది. 2019లో దుకాణాలు సర్కారు చేతికి వెళ్లి, 2024లో తిరిగి ప్రైవేటు చేతికి వచ్చాయి. వీటిలో ఏది ఒప్పు ఏది తప్పు అని తగవు పడదలచుకుంటే పడవచ్చు. అయితే ఒకటి అడుగుతాను. తాగుడు చెడ్డది కనుక కల్లును తెర వెనక ఉంచామంటే, 12 శాతం మత్తున్న ఫ్రెంచి సీసా వీధరుగు మీద ఎలా కూర్చుంది? ఐదారు శాతం కూడా ఉండని తాటికల్లు పెరట్లో ఎందుకుంది? సమాధానం మత్తులో లేదు, తెచ్చిన మనిషిలో ఉంది. సీసాను తెచ్చినవాడు అల్లుడు, లొట్టిని తెచ్చినవాడు గీతకార్మికుడు. నడుముకు మోకు బిగించి, పొద్దు పొడవకముందే ఎనభై తొంభై అడుగుల చెట్టెక్కి, జారితే ప్రాణం పోయే పని చేసేవాడు. ఆ ఫ్రెంచి పొలాల్లో ద్రాక్ష కోసేవాణ్ణి మనం చూడలేదు కనుక ఆ సీసాకు కులం లేదు. లొట్టికి ఉంది.

ఇందులో నా పాపమూ ఉంది. జాతీయాల పాఠం చెప్పేటప్పుడు "కల్లు తాగిన కోతి"ని సొంతవాక్యంలో ప్రయోగించమనేవాణ్ణి. ఏటా అదే. పిల్లలు నవ్వేవారు. ఒక ఏడాది ఎవడో కొంటెవాడు నాలుగో బెంచీలో కూర్చున్న పిల్లవాణ్ణి చూపించి ఆ వాక్యం చెప్పాడు. వాడి తండ్రి చెట్టెక్కేవాడు. తరగతంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వి, వాక్యం వ్యాకరణ యుక్తంగా ఉందని మార్కు వేశాను. ఆ పిల్లవాడు మరుసటి ఏడు బడికి రాలేదు. కారణం అదొక్కటే అని చెప్పలేను, పేదరికం కావచ్చు. కానీ పోయిన కనుమనాడు గేటు దగ్గర లొట్టి పట్టుకొని నిలబడింది వాడే. నాకు నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారం నాకు చాలా బరువుగా తగిలింది.

సరే, మళ్లీ సీసా దగ్గరకు వస్తాను. తెచ్చుకున్నదాన్ని నేలపాలు చేయడం కూడా ఒక అవమానమే. ఈ గెలుపు చిమ్ముళ్లు 1967లో ఫ్రాన్సులోని ల్మాన్ కార్ల పందెంలో డాన్ గర్నీ సరదాగా మొదలుపెట్టినవి. మన ఇంటికి ఆ ఆచారం ఎందుకు? అల్లుడు నాకు ఓపికగా చెప్పింది, నేను తరవాత చదువుకున్నది కలిపి చెబుతాను. ఆ సీసాలో ఒత్తిడి కారు చక్రంలోని గాలికి రెండు మూడు రెట్లు ఉంటుంది. కనుక సీసాను ముందురోజే తెచ్చి కదలకుండా ఉంచాలి. ఇత్తడి గంగాళంలో ఐసుముక్కలు, నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి అరగంట ముంచితే ఎనిమిది, పది డిగ్రీలకు దిగుతుంది. ఒట్టి ఐసు కంటే నీళ్లు కలిస్తేనే త్వరగా చల్లబడుతుంది. తీగ విప్పేటప్పుడు బొటనవేలు బిరడా మీది నుంచి తీయకూడదు. మూతిని మనుషులకు దూరంగా ఏటవాలుగా వంచి, బిరడాను గట్టిగా పట్టుకొని సీసాను తిప్పాలి, బిరడాను కాదు. చప్పుడు నిట్టూర్పులా రావాలట. ఆ మాట నాకు నచ్చింది.

ఎంపిక సంగతి. షాంపేను అనే పేరు ఫ్రాన్సులోని ఆ సీమలో చేసిన దానికే చెల్లుతుంది, ఆత్రేయపురం పూతరేకుల్లాగే. ఇటలీది ప్రొసెక్కో, స్పెయినుది కావా. మన నాసిక్ ప్రాంతంలో సూలా వారూ, దిండోరిలో షాందోన్ వారూ చేసేది నురగ వైను. అమెరికా నుంచి మోసుకురానక్కరలేదు, దొరికితే ఇదే మేలు. (సంస్కృతంలో ఫేనం అంటే నురగ కదా, ఫేనమధువని పేరు పెడదామని నాకు చాపల్యం కలిగింది. పేనుతో చేస్తారా తాతయ్యా అని మనవరాలు అడిగింది. విరమించుకున్నాను.) చీటీ మీద బ్రూట్ అని ఉంటే తీపి తక్కువ. కనుమ మినపగారెల నూనె జిడ్డుకు అది సరిపోతుంది. అరిసెలతో మాత్రం పుల్లగా, చప్పగా తోస్తుంది. తీపి వంటలకు దెమి సెక్ అని రాసి ఉన్నది కావాలి. నాటుకోడి కారానికి ఏదీ నిలవదు, బుడగలు నోట్లో మంటను రెట్టింపు చేస్తాయి. ఇదంతా నాకెలా తెలుసంటారా? ఆ రాత్రి సగం మిగిలిన సీసాలోంచి ఒక్క గుక్క రుచి చూశాను. పెరట్లోకి వెళ్లి లొట్టిలోంచీ ఒక గుక్క. అరవై దాటిన వయసులో తొలిసారి. అబద్ధమాడను, నాకు రెండోదే నచ్చింది.

తాగనివారి మాట కూడా మరవకూడదు. మా ఇళ్లలో ఆడవాళ్లకూ పిల్లలకూ ఏదో రంగునీళ్లు ప్లాస్టిక్ గ్లాసుల్లో పోసి మూలకు పంపుతారు. మన రామచంద్రపురంలో పుట్టిన ఆర్టోస్ ఉండగా ఆ లోటెందుకు? దానిలోనూ బుడగలే. అవే గాజు గ్లాసుల్లో, అదే పళ్లెంలో అందరికీ ఇవ్వాలి.

రాబోయే సంక్రాంతికి పండుగ మా ఇంట చేద్దామని చెల్లెలితో అన్నాను. అల్లుడికి ఫోను చేసి, నాసిక్ సీసా ఒకటి చాలునని చెప్పాను. "అలాగే మావయ్యగారూ, గంగాళం సిద్ధంగా ఉంచండి" అని నవ్వాడు. మొన్న ఆదివారం ఆ గీతకార్మికుడి ఇంటికి వెళ్లాను. కనుమనాడు లొట్టి తెచ్చిపెట్టమని, వీధి గుమ్మంలోంచి రమ్మని, పిల్లల్ని కూడా తీసుకొచ్చి మాతో పాటు పంక్తిలో భోంచేయమని అడిగాను. నాలుగో బెంచీ మాట ఎత్తబోయి ఎత్తలేకపోయాను. అతను కాసేపు నేల చూశాడు. "మీ బావగారు ఉంటారాండీ?" అన్నాడు. ఉంటారన్నాను. "చూద్దాం లెండి మేష్టారూ" అన్నాడు.

బావగారికి ఈ ఏర్పాటంతా ఉత్తరం రాశాను. ఇంకా జవాబు రాలేదు.