షాపు కోసం వేసుకునే రంగుకు మా జీతంలో కోతలా?

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర కార్మిక శాఖ కమిషనర్ గారికి,

హైదరాబాదులో అమీర్‌పేట, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాల బట్టల షోరూముల్లో చీరల కౌంటర్ల దగ్గర పనిచేసే ఆడవాళ్ళం నమస్కరించి చేసుకుంటున్న మనవి.

విషయం: తప్పనిసరి మేకప్, దాని పేరుతో జీతంలో కోతలు.

అయ్యా,

ముందే ఒక మాట. మేము మేకప్ వద్దనేవాళ్ళం కాము. పెళ్ళికో పేరంటానికో బయల్దేరితే అద్దం ముందు నుంచి ఓ పట్టాన లేవనివాళ్ళు మాలో బోలెడుమంది. షాపు కోసం వేసుకునే రంగు ఎవరి ఖర్చు, ఎవరి టైము అన్నదే మా గొడవ.

షట్టర్ పదింటికి లేస్తుంది. మేము తొమ్మిదింటికే రావాలి. ఫౌండేషన్, కాజల్, లిప్‌స్టిక్, నెట్ బిగించిన ముడి, అన్నీ అయ్యాకే పంచింగ్. ఆ గంట ఏ లెక్కలోకీ రాదు. పంచింగ్ మెషీన్ పక్కన లిప్‌స్టిక్ రంగుల కాగితం అంటించి ఉంటుంది. టిక్కు పెట్టిన రంగులే వేయాలి, అవీ మా డబ్బుతోనే కొనాలి. ఎవరైనా మరిచిపోయి వస్తే కౌంటర్ సొరుగులోంచి ఒక ట్యూబు తీసి ఇస్తారు. నిన్న ఇంకొకామె పూసుకున్నదీ అదే, రేపు మరొకామెకు ఇచ్చేదీ అదే. పెదవి మీద పొక్కు ఉందన్నా వినరు. ఫౌండేషన్ పడక ముఖమంతా దద్దుర్లు లేచిన ఒకామె డాక్టరు చీటీ తెచ్చి చూపిస్తే, ఆమెను గోడౌన్లో మడతలు పెట్టడానికి పంపారు. గోడౌన్లో ఇన్సెంటివ్ ఉండదు. అదే ఫ్లోర్ మీది మగవాళ్ళు గడ్డం గీసుకొస్తే సరిపోతుంది.

రంగు తక్కువున్న పిల్లలకైతే తమ చాయకు సరిపడేది వేసుకునే వీలు కూడా లేదు. తెల్లటిదే పూయాలి. ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు. అదేమంటే "కస్టమర్ ముందు ఫ్రెష్‌గా కనపడాలమ్మా" అంటారు. నల్లగా ఉంటే ఫ్రెష్‌గా లేనట్టేనా?

అన్నిటికంటే అన్యాయం పట్టుచీరల కౌంటర్లో జరుగుతుంది. కొనేవాళ్ళు అడిగితే చీర మా భుజం మీద వేసుకుని, కుచ్చిళ్ళు పట్టి, పమిట తిప్పి చూపించాలి. మధ్యాహ్నానికి చెమట పట్టి మెడ దగ్గర ఫౌండేషన్ కరుగుతుంది. లేత రంగు పట్టు మీద మరక పడుతుంది. ఆ మరకకు "డ్యామేజీ" అని రాసి మా జీతంలో పట్టుకుంటారు. పూసుకోకపోతే ఫైను, పూసుకుంటే డ్యామేజీ. రెండింటికీ రసీదు ఉండదు. జీతం చేతికొచ్చాకే ఎంత తగ్గిందో తెలుస్తుంది.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్, 2019 ప్రకారం ఒక నెలలో వేసే జరిమానాలన్నీ కలిపి ఆ నెల వేతనంలో 3 శాతం దాటకూడదు. జీతం 12,000 అయితే 360 రూపాయలు. ఏ తప్పులకు జరిమానా వేస్తారో ముందే ప్రభుత్వ ఆమోదం పొంది నోటీసు పెట్టాలి, మా సంజాయిషీ వినాలి, రిజిస్టరులో రాయాలి. సరుకు పాడైందని కోత పెట్టాలన్నా అది మా నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి. వాళ్ళు పూయమన్న రంగు కరిగితే అది మా నిర్లక్ష్యం ఎలా అవుతుంది?

ఇది షాపుల సొంత వ్యవహారం, ప్రభుత్వానికేం పని అని యాజమాన్యాలు అనవచ్చు. కూర్చునే విషయంలోనూ ఒకప్పుడు అలాగే అన్నారు. కోళికోడ్ దుకాణాల ఆడవాళ్ళు పట్టుబట్టాక 2018లో కేరళ, ఆ తర్వాత 2021లో తమిళనాడు, షాపుల్లో పనిచేసేవాళ్ళకు కూర్చునే వీలు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చాయి. వ్యాపారాలేమీ మూతపడలేదు.

కాబట్టి తమరిని కోరేది ఇది. మేకప్ వేసుకోవాలా వద్దా అన్నది మా ఇష్టానికే వదలాలి. యూనిఫాంలో భాగమని షాపువాళ్ళు పట్టుబడితే సామాను వాళ్ళే కొనాలి, ఒకరిది ఒకరికి పూయకూడదు, ఆ సమయాన్ని డ్యూటీలో కలపాలి. డాక్టరు చీటీ తెచ్చినవాళ్ళను కౌంటర్ మార్చకూడదు. మేకప్ పేరుతో ఫైన్లు, మరకలకు డ్యామేజీలు వెంటనే ఆపించి, ఇప్పటిదాకా పట్టుకున్నవి తిరిగి ఇప్పించాలి. తనిఖీకి వచ్చే అధికారులు జరిమానాల రిజిస్టరు అడిగి చూడాలి. దయచేసి ముందుగా ఫోన్ చేసి రావద్దు. ఫోన్ వచ్చిన రోజే రిజిస్టరు తయారవుతుంది.

మా పేర్లు, షోరూముల పేర్లు, కోతలు పడ్డ నెలల జీతం చీటీలు విడిగా సీలు వేసిన కవరులో ఇస్తున్నాము. అవి యాజమాన్యాల చేతికి వెళితే మర్నాడు మాకు కౌంటర్ ఉండదు గనుక, కవరు తమరి దగ్గరే ఉంచుకుని, అందినట్టు దీని నకలు మీద ముద్ర వేసి ఇప్పించగలరు.

ఇట్లు,
బట్టల షోరూముల సేల్స్ ఉద్యోగినులు, హైదరాబాదు