పసిపాప ఊపిరి ఆగుతోందా? అదీ ఫిట్స్ కావచ్చు!

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకు నలభై రోజులు. రక్తపరీక్షలో ఎడ్వర్డ్స్ సిండ్రోమ్ అని తేలింది. రోజుకు మూడు నాలుగుసార్లు ఉన్నట్టుండి ఊపిరి ఆగి, పెదాలు నీలంగా మారుతున్నాయి. కాళ్లూ చేతులూ కొట్టుకోవడం లేదు. ‘ఇలాంటి పిల్లలకు ఇది మామూలే’ అంటున్నారు. చేయగలిగింది ఏమీ లేదా?
– ఓ తల్లి, ఏలూరు

జవాబు: ఉందమ్మా. పెదాలు నీలం తిరిగేంతగా ఊపిరి ఆగుతుంటే ఇంట్లో పెట్టుకుని చూడకూడదు. నవజాత శిశువుల ఐసీయూ ఉన్న ఆసుపత్రికి ఈరోజే తీసుకెళ్లండి.

మనలో 18వ క్రోమోజోమ్ రెండు ప్రతులు ఉంటాయి. ఈ పిల్లల్లో మూడు ఉంటాయి. డాక్టర్ ఎడ్వర్డ్స్ 1960లో దీన్ని వివరించారు కాబట్టి ఆయన పేరే స్థిరపడింది.

పసిపిల్లలు నిద్రలో ఐదు పది సెకన్లు ఊపిరి ఆపి, మళ్లీ తీసుకోవడం మామూలే. కానీ 20 సెకన్లు దాటినా, అంతకన్నా తక్కువసేపే ఆగి రంగు మారినా, గుండె వేగం పడిపోయినా దాన్ని ‘ఆప్నియా’ అంటాం. ఎడ్వర్డ్స్ పిల్లల్లో ఇందుకు చాలా కారణాలుంటాయి. దవడ చిన్నగా ఉండి గాలిదారి మూసుకుపోవడం, మెదడులో ఊపిరిని నడిపించే భాగం సరిగా పనిచేయకపోవడం, గుండెలో లోపాలు, పాలు పొరబోవడం, ఇన్ఫెక్షన్... వీటితో పాటు ఫిట్స్ కూడా ఒక కారణం. దీన్నే చాలాసార్లు ఎవరూ అనుమానించరు.

ఫిట్స్ అనగానే ఒళ్లంతా కొట్టుకోవడమే గుర్తొస్తుంది. పసికందుల్లో అలా ఉండాలనేం లేదు. మెదడులో పుట్టిన విద్యుత్ అలజడి ఊపిరినే ఆపేయొచ్చు. కళ్లు ఒక పక్కకు తిరిగి నిలిచిపోవడం, రెప్ప వేయకుండా చూడటం, నోరు చప్పరించడం, ఒళ్లు బిగుసుకోవడం, ప్రతిసారీ ఒకేలా రావడం... ఇలాంటివి కనిపిస్తే ఫిట్స్‌ను అనుమానించాలి. మామూలు ఆప్నియాలో గుండె వేగం త్వరగా తగ్గుతుంది. ఫిట్స్‌తో వచ్చేదాంట్లో మొదట్లో తగ్గకపోవచ్చు, పెరగనూ వచ్చు. ఈ గుర్తులేవీ లేకపోయినా ఫిట్స్ కాదని కొట్టిపారేయలేం.

తేల్చేది ఈఈజీ పరీక్ష. వీడియోతో కలిపి, ఊపిరి ఆగిన ఆ క్షణం కూడా రికార్డయ్యేలా ఎక్కువసేపు తీయాలి. మధ్యలో తీసిన అరగంట ఈఈజీ బాగుందని నిశ్చింతగా ఉండలేం. రక్తంలో చక్కెర, కాల్షియం, సోడియం కూడా చూడాలి. అవి తగ్గి ఫిట్స్ వస్తుంటే సరిచేయడం తేలిక.

ఫిట్స్ అని తేలితే ఫినోబార్బిటాల్, లెవెటిరాసెటామ్ లాంటి మందులున్నాయి. ఫినోబార్బిటాల్ ఎక్కువైతే అదే ఊపిరిని మందగింపజేస్తుంది. అందుకే ఆసుపత్రిలో, మానిటర్ పెట్టి మొదలుపెడతారు. నెలలు నిండని పిల్లల ఆప్నియాకు ఇచ్చే కెఫీన్ ఫిట్స్‌కు మందు కాదు. కారణం తెలియకుండా మందు వేస్తే లాభం లేదనేది ఇందుకే.

పాపకు మళ్లీ అలా వస్తే గడియారం చూడండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, అరికాలు రుద్దండి. పక్కన ఇంకొకరుంటే ఫోన్‌లో వీడియో తీయమనండి. డాక్టర్‌కు అది ఎంతో ఉపయోగం. ఊపిరి రాకపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి. నోటితో శ్వాస ఇవ్వడం ఎలాగో నర్సుల దగ్గర ముందే నేర్చుకోండి. నోట్లో ఏమీ పెట్టొద్దు, ఊపొద్దు. తాళంచెవులు, ఉల్లిపాయలు, వాతలు అసలే వద్దు.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఫిట్స్ మందు క్రోమోజోమ్‌ను మార్చదు. ఈ పిల్లల్లో ఏడాది దాటేవాళ్లు తక్కువే. నూటికి ఐదు నుంచి పది మంది అనేది చాలాకాలంగా చెప్పే లెక్క. చికిత్సలు బాగా అందినచోట ఇంకొంత ఎక్కువ. ఎంతవరకు వైద్యం చేయించాలన్నది మీరూ, మీవారూ డాక్టర్లతో కూర్చుని తీసుకోవాల్సిన నిర్ణయం. మీరేం నిర్ణయించుకున్నా, ఊపిరాడక రోజూ నాలుగుసార్లు పాప అవస్థ పడకుండా చూడటం మాత్రం వైద్యుల బాధ్యతే. ‘ఇది ఫిట్స్ కావచ్చా? ఈఈజీ తీస్తారా?’ అని మొహమాటపడకుండా అడగండమ్మా.