మేజరైతే వెతకరా?



మన గూడెంలో పద్దెనిమిదేళ్లు దాటిన మనిషి కనిపించకుండా పోతే స్టేషన్‌లో మొదట ఏం వినపడుతుందో మీలో చాలామందికి తెలుసు. ఆడపిల్లైతే "ఎవరితోనో వెళ్లుంటది, మేజరే కదా." మగపిల్లాడైతే "పనికి పోయుంటాడు, రెండ్రోజులు చూడండి." ఏజెన్సీలో ఇంకో ప్రశ్న కూడా ఉంటుంది: "అన్నల్లోకి పోలేదు కదా?" ఆ ఒక్క ప్రశ్నకి భయపడి స్టేషన్ మెట్లెక్కని తల్లిదండ్రులు ఉన్నారు.

24 గంటలు ఆగి రమ్మని ఏ చట్టంలోనూ లేదు. నిజానికి పనికొచ్చేవి ఆ మొదటి గంటలే. ఫోన్ ఆన్‌లో ఉండేది, టవర్ లొకేషన్ దొరికేది అప్పుడే. బస్టాండ్ కెమెరాలో రికార్డయింది కొన్ని రోజులకి చెరిగిపోతుంది. పిల్లలు తప్పిపోతే వెంటనే ఎఫ్ఐఆర్ కట్టాలని, అపహరణో అక్రమ రవాణానో జరిగిందనే అనుకుని వెతకాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. పెద్దవాళ్ల విషయంలో అంత గట్టి ఆదేశం లేదు. మనవాళ్లు ఆ సందులోనే పడిపోతున్నారు.

2019 నవంబర్‌లో హైదరాబాద్ శివార్లలో హత్యకు గురైన పశువైద్యురాలు గుర్తుందా? ఆమె కూడా మేజరే. ఆ రాత్రి ఇంటివాళ్లు స్టేషన్‌కి పోతే పరిధి గొడవ వచ్చింది. ఎఫ్ఐఆర్ ఆలస్యం చేశారని తర్వాత ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. నగరంలో, చదువుకున్న కుటుంబానికే అట్లా జరిగితే, కోయ తప్ప ఇంకో భాష రాని చింతూరు వైపు తల్లి గతి ఏంటి?

మేస్త్రీ వెంట ఇటుక బట్టీలకో, రొయ్యల కంపెనీకో పోయినోళ్ల సంగతి ఇంకా కష్టం. ఇంట్లో వాళ్లకి మేస్త్రీ పేరు సగమే తెలుసు. ఇక్కడి స్టేషన్ "అక్కడ ఇవ్వండి" అంటుంది. అక్కడికి పోవడానికి డబ్బుల్లేవు, పోయినా భాష రాదు. ఎక్కడో ఒక మార్చురీలో గుర్తు తెలియని శవంగా పూడ్చేస్తే ఇంటికి కబురు కూడా రాదు.

ఒక మాట మనం కూడా ఒప్పుకోవాలి. మేజర్ అయిన మనిషికి తన ఇష్టప్రకారం బతికే హక్కుంది. వెతకమంటున్నది ఈడ్చుకురావడానికి కాదు, క్షేమంగా ఉందో లేదో తెలుసుకోవడానికి. అమ్మాయి దొరికితే ఇంటివాళ్లు, పెద్దమనుషులు లేకుండా విడిగా అడగాలి. రానంటే "బతికే ఉంది, బాగుంది" అని మాత్రం చెప్పాలి. అడ్రస్ ఇవ్వకూడదు.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్‌లో 173వ సెక్షన్ చదవండి. శిక్షార్హమైన తీవ్ర నేరం గురించి సమాచారమిస్తే పరిధి కాదని తిప్పి పంపకూడదు, జీరో ఎఫ్ఐఆర్ కట్టాలి. నోటితో చెప్తే వాళ్లే రాసి, చదివి వినిపించాలి. కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఎఫ్ఐఆర్ కట్టకపోతే ఎస్పీకి పోస్టులో పంపొచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి పోవచ్చు.

ఇక్కడే మెలిక ఉంది. "కనబడుటలేదు" అన్నది ఒక్కటే రాస్తే అది నేరం కింద లెక్కకు రాదు. ఎవరు తీసుకుపోయారు, ఎంత అడ్వాన్స్ ఇచ్చారు, ఎవరు బెదిరించారు, చివరి ఫోన్ ఎప్పుడు, ఏ నంబర్ నుంచి? తెలిసిందంతా, అనుమానమంతా దరఖాస్తులో రాయించండి. లేనిది మాత్రం కల్పించొద్దు.

మనం అడగాల్సింది ఇదీ:

• పెద్దవాళ్లు తప్పిపోయినా అదే రోజు కేసు, అదే రోజు వెతుకులాట.
• ఏజెన్సీ స్టేషన్లలో కోయ, గోండి, కువి, సవర తెలిసినవాళ్లు.
• వారానికోసారి కుటుంబానికి కబురు. గుర్తు తెలియని ప్రతి శవం వివరాలను మిస్సింగ్ కేసులతో, పక్క రాష్ట్రాలవాటితో కూడా, సరిచూడడం.
• ఫిర్యాదుకి వచ్చినవాళ్లనే అనుమానితుల్లా ప్రశ్నించడం ఆపాలి.

వాళ్లు చేసేదాకా మనం చేయగలిగింది ఉంది. పనికి పోయే ప్రతి ఒక్కరి పేరు, ఫొటో, మేస్త్రీ నంబర్, పోయే ఊరు గ్రామసభలో ఒక పుస్తకంలో రాసిపెట్టండి. చదువుకున్న మీలో ఇద్దరు ఆ తల్లి వెంట స్టేషన్‌కి పోండి. కాపీ చేతికొచ్చేదాకా అక్కడి నుంచి కదలొద్దు.

మన మనిషి పోతే వెతకమని అడగడం బతిమాలడం కాదు, హక్కు.

జై ఆదివాసీ!